800, 1500 పరుగు మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోసం

స్కూలు ఆటలపోటీలు దగ్గరపడినప్పుడు, పోలీసు నోటిఫికేషన్ పడినప్పుడు మన గ్రౌండ్లు ఒక్కసారిగా నిండిపోతాయి. ఒంగోలులో అడిగిన సందేహమే కావలిలో అడుగుతారు, కావలిలో అడిగిందే గూడూరులోనూ అడుగుతారు. చాలామంది జవాబు దొరికేలోపే మోకాలు పట్టుకుని ఇంటికి పోతున్నారు. అది చూడలేకే ఇవన్నీ ఒకచోట రాశాను. ఏ జవాబుకా జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సిన దగ్గర మొదలుపెట్టి చదువుకోండి.

## మొదలుపెట్టే ముందు

మిడిల్ డిస్టెన్స్ అంటే ఏవేవి? 1600 కూడా అందులోదేనా?

ట్రాక్ మీద 800, 1500 మీటర్లు అసలు మిడిల్ డిస్టెన్స్ పరుగులు. అడ్డంకులు దూకుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌ఛేజ్‌ని కూడా చాలామంది ఇందులోనే కలుపుతారు. 400 మీటర్ల ట్రాక్ మీద 800 అంటే రెండు ల్యాపులు, 1500 అంటే మూడు ముప్పావు ల్యాపులు. 1600 ఒలింపిక్స్‌లో ఉండదు, పోలీసు, ఆర్మీ ఎంపికల్లో ఉంటుంది. ట్రైనింగ్ మాత్రం 1500కీ దానికీ ఒకటే.

ఏపీ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లకు మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు ఇస్తూ వచ్చారు. అగ్నివీర్ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు కొడితే పూర్తి మార్కులు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు ఓపికగా తయారైతే 8 నిమిషాలు దాదాపుగా అందుతుంది. అయిదున్నర అలా కాదు, దానికి నెలల తరబడి రన్నర్‌లా బతకాలి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు కొలతలు మారాయేమో ఒకసారి చూసుకోండి.

నాకు 19 ఏళ్లు, ఇంతవరకూ గ్రౌండ్ మొహం చూడలేదు. ఇప్పుడు మొదలుపెడితే లేటా?

లేట్ కాదు. ఈ పరుగులకు కావాల్సిన దమ్ము ఏళ్ల తరబడి పెరుగుతూ పోతుంది. కేరళకు చెందిన జిన్సన్ జాన్సన్ 2019లో బెర్లిన్‌లో 3:35.24తో 1500 జాతీయ రికార్డు పెట్టినప్పుడు ఆయనకి 28 ఏళ్లు. మీరు ఆ స్థాయికి వెళ్తారని చెప్పడానికి కాదు, శరీరానికి ఎంత టైం ఉందో చెప్పడానికే ఈ మాట. 19లో మొదలుపెట్టినవాళ్లకు అసలు ఇబ్బంది తొందరే. మూడు నెలల్లో ఈవెంట్స్ ఉన్నాయని ఆరు నెలల పని మూడు వారాల్లో చేయబోతారు.

మా పాపకి 12 ఏళ్లు. 800కి తయారు చేయొచ్చా?

గ్రౌండ్‌కి పంపండి. 800కి మాత్రమే అని కట్టిపడేయొద్దు. ఈ వయసులో లాంగ్ జంప్, షార్ట్ స్ప్రింట్స్, ఖోఖో, కబడ్డీ అన్నీ ఆడాలి. ఖోఖో ఆడిన పిల్లకి వచ్చే చురుకుదనం ఊరికే ల్యాపులు కొట్టే పిల్లకి రాదు. వారానికి మూడు రోజులు, ఒక్కోసారి 15, 20 నిమిషాల తేలిక పరుగు చాలు. బరువు తగ్గితే స్పీడు వస్తుందని అన్నం తగ్గించే ఆలోచన ఇంట్లో ఎవరికీ రానివ్వొద్దు. ఎదిగే ఎముకలకి దానికన్నా చేటు లేదు.

ముందు డాక్టరుకి చూపించుకోవాలా?

పరుగులో గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగి ఉంటే, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, చూపించుకోకుండా మొదలుపెట్టొద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు మానక్కర్లేదు, ఇన్‌హేలర్ ఎప్పుడు వాడాలో డాక్టరుని అడిగి పరుగెత్తొచ్చు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లలో పెరిగి, నడుము, కీళ్లు బిగుసుకుపోయినట్టు ఉంటే ఆ సంగతి కూడా డాక్టరుకి చెప్పండి. తాగడానికి శుద్ధి చేసిన నీళ్లే వాడండి.

మా ఊళ్లో ట్రాక్ లేదు. ఎక్కడ పరుగెత్తాలి?

నెల్లూరులో ఉంటే ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం, వీఆర్‌సీ గ్రౌండ్ ఉన్నాయి. ఒంగోలులో ఏబీఎం కాలేజీ గ్రౌండ్, కావలిలో జవహర్ భారతి కాలేజీ మైదానం. తేలిక పరుగులకు పెన్నా పొర్లుకట్ట, ఊరి చెరువు కట్ట, పొలాల మధ్య మట్టిబాట ట్రాక్ కన్నా మేలు. చీకట్లో హైవే అంచున మాత్రం వద్దు. లారీ డ్రైవరుకి మీరు కనపడరు.

ఊళ్లో హైస్కూలు గ్రౌండ్ ఉంటే 200 మీటర్ల ట్రాక్ మీరే గీసుకోవచ్చు. 85 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు ఖాళీ ఉండాలి. గ్రౌండ్ నడుమ సరిగ్గా 50 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగ్గొట్టండి. సాగని తీగ ఒకటి తీసుకుని 15 మీటర్ల 72 సెంటీమీటర్లు కొలవండి. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగి కొలత పాడవుతుంది. ఒక్కో మేకు దగ్గర ఆ తీగతో బయటివైపుకి అర్ధవృత్తం గీసి, రెండు అర్ధవృత్తాల కొసల్ని ఇటూ అటూ 50 మీటర్ల తిన్నటి గీతలతో కలపండి. దాని మీద సున్నం పోయండి. ఆ సున్నం గీతకి జానెడు బయటగా, అంటే 20 సెంటీమీటర్ల అవతల పరుగెత్తితే ల్యాపుకి సరిగ్గా 200 మీటర్లు. గట్టు లేని ట్రాక్ మీద లోపలి లేన్‌ని కొలిచే పద్ధతి ఇదే. సిమెంటు గట్టు ఉన్న ట్రాక్‌లో 30 సెంటీమీటర్లు వదిలి కొలుస్తారు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఉజ్జాయింపు గ్రౌండ్ మీద కొట్టిన టైంకి అర్థం ఉండదు. ల్యాపుకి పది మీటర్లు తక్కువున్న గ్రౌండ్ మీద 1600 కొట్టి పాసైపోయానని అనుకున్నవాళ్లు అసలు రోజున గ్రౌండ్‌లో ఏడవడం చూశాను.

ఏ బూట్లు కొనాలి? ఒట్టి కాళ్లతో పరుగెత్తితే తప్పా?

మామూలు రన్నింగ్ షూ ఒక జత చాలు. బ్రాండు కన్నా పాదానికి సరిపోవడం ముఖ్యం. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలి ముందు వేలెడు ఖాళీ ఉండాలి. క్రికెట్ షూ, కాన్వాసు షూ ఈ పనికి పనికిరావు. ఒట్టి కాళ్లతో పెరిగిన పిల్లలకి పచ్చిక మీద, మెత్తటి మట్టి మీద అలాగే కొద్దిగా పరుగెత్తడంలో తప్పులేదు. మన ఎర్రమట్టి గ్రౌండ్లలో పల్లేరుకాయలు, గాజుపెంకులు ఉంటాయి కాబట్టి ముందు ఒక రౌండ్ నడిచి చూసుకోండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని ఉండండి.

స్పైక్స్, అంటే సోలు కింద పిన్నులు ఉండే బూట్లు, మొదటి మూడు నెలలు వద్దు. పిక్కలు తట్టుకోలేవు. తర్వాత కొన్నా వారానికి ఒకసారి స్పీడు పని రోజు వేసుకోండి. సింథటిక్ ట్రాక్ మీద పిన్ 9 మిల్లీమీటర్లకు మించకూడదు. పెద్ద పోటీలకి వెళ్లేవాళ్లు ఇంకోటి తెలుసుకోవాలి: 2024 నవంబరు 1 నుంచి ట్రాక్ పరుగులన్నింటికీ సోలు మందం 20 మిల్లీమీటర్లు దాటకూడదు. లావు సోలు రోడ్డు బూట్లు అక్కడ చెల్లవు.

## మొదటి రెండు నెలలు

రోజూ పొద్దున్నే టైం పెట్టి 1600 కొడుతున్నాను. ఇది కరెక్టేనా?

కరెక్ట్ కాదు. మన రెండు జిల్లాల్లో ఏ గ్రౌండ్‌కి వెళ్లినా కనపడేది ఇదే, మంచి పిల్లలు పాడైపోతున్నదీ ఇక్కడే. 800 పరుగులో సుమారు మూడింట రెండు వంతుల శక్తి, 1500లో అయిదింట నాలుగు వంతులకు పైగా, పీల్చుకున్న ఆక్సిజన్‌తోనే తయారవుతుంది. ఆ ఆక్సిజన్‌ని కాళ్లకు చేర్చాలంటే గుండె ఒక్కో కొట్టుకి ఎక్కువ రక్తం తోయాలి, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరగాలి. వీటిని పెంచేది వారాల తరబడి చేసే తేలిక పరుగు. రోజూ ప్రాణం పెట్టి కొడితే కాళ్లు కోలుకోవు, కోలుకోని కాళ్లతో ఇంకాస్త గట్టిగా కొడతారు.

జరిగేది ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. మొదటి రెండు వారాలు టైం తగ్గుతుంది, ఊళ్లో అందరికీ చెప్పుకుంటారు. మూడో వారం ఆగిపోతుంది. అయిదో వారానికి టైం పెరుగుతుంది, పిక్క ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. నారు నాటి వేరు పట్టిందా లేదా అని రోజూ పీకి చూసినట్టుంటుంది ఇది. టైం పెట్టి కొట్టడం మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలు, అదీ ముందురోజు విశ్రాంతి తీసుకుని.

మెల్లగా అంటే ఎంత మెల్లగా?

పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే స్పీడు ఎక్కువైనట్టే. కొత్తవాళ్లకి మొదటి వారాల్లో ఇది దాదాపు నడకలా ఉంటుంది. నడకకి వచ్చే పెద్దవాళ్లు మిమ్మల్ని దాటిపోతుంటే సిగ్గుపడొద్దు. రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక కూడా పరుగు కిందే లెక్క. ఆరేడు వారాలు ఇలా చేస్తే అదే ఊపిరితో ఇంకాస్త వేగంగా వెళ్తున్నామని మీకే తెలుస్తుంది. అది తెలిసిన రోజు నుంచి ఎవరూ చెప్పక్కర్లేదు.

వారానికి ఎన్ని రోజులు, ఎంతెంత?

కొత్తవాళ్లకి నాలుగు రోజులు. మంగళవారం, గురువారం 20 నిమిషాల చొప్పున, శనివారం 20 నిమిషాల పరుగు తర్వాత 80 మీటర్ల చొప్పున నాలుగైదు స్ట్రైడ్స్, ఆదివారం 30 నిమిషాలు. స్ట్రైడ్ అంటే స్ప్రింట్ కాదు. ఒళ్లు బిగబట్టకుండా, అందంగా, పూర్తి వేగంలో ముప్పావు వంతుతో పోయే పరుగు. మధ్యలో బాగా నడిచి ఊపిరి తిరిగాకే ఇంకోటి. రెండు మూడు వారాలు అయ్యాక ఒక్కో పరుగుకీ అయిదేసి నిమిషాలు కలపండి, నాలుగో వారంలో కాస్త తగ్గించండి. రెండు నెలలకి ఆదివారం పరుగు 50 నిమిషాలకి చేరితే పునాది పడినట్టే. పొలం పని, మేస్త్రీ పని చేసేవాళ్లు ఆ అలసటని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రోజంతా ఇటుకలు మోసిన సాయంత్రం పరుగు మానేస్తే నష్టం లేదు.

వార్మప్ అంటే వంగి కాలివేళ్లు పట్టుకోవడమేనా?

పరుగుకి ముందు అలా కదలకుండా పట్టి ఉంచే స్ట్రెచింగ్ వద్దు, అది పరుగు అయ్యాక చేసుకోండి. ముందు 8, 10 నిమిషాలు మెల్లగా పరుగు, తర్వాత కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, హై నీస్ (మోకాళ్లు పైకి ఎత్తుతూ), బట్ కిక్స్ (మడమలు వెనక పిరుదులకి తగిలేలా), స్కిప్స్ (ఎగిరెగిరి అడుగులు) 30 మీటర్ల చొప్పున, చివర రెండు స్ట్రైడ్స్. తేలిక పరుగు రోజు ఇంత అక్కర్లేదు, మొదటి అయిదు నిమిషాలు ఇంకా మెల్లగా పోతే అదే వార్మప్.

పరుగులో డొక్కలో పోటు వస్తోంది. ఏం చేయాలి?

ఎక్కువసార్లు కారణం తిన్న వెంటనే పరుగెత్తడం, లేకపోతే ఒక్కసారిగా చెంబెడు నీళ్లు తాగడం. అన్నం తిని మూడు గంటలు గడవనివ్వండి. పోటు వస్తే స్పీడు తగ్గించి, నొప్పి ఉన్నచోట చేత్తో నొక్కి, నిదానంగా ఊపిరి వదలండి. దమ్ము పెరిగేకొద్దీ అదే తగ్గుతుంది.

ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలంటారు, నిజమేనా?

తేలిక పరుగులో మీ ఇష్టం. 800 పరుగులో ముక్కు ఒక్కటే చాలదు. నోరు తెరవండి.

మైపాడు బీచ్‌లో, కొత్తపట్నం బీచ్‌లో పరుగు మంచిదేనా?

వారానికి ఒకసారి మంచిదే. మెత్తటి పొడి ఇసుకలో పాదం దిగబడుతుంది, పిక్కలకీ మడమ వెనక నరానికీ భారం ఎక్కువ. పది నిమిషాలతో మొదలుపెట్టండి. నీళ్ల అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ సముద్రం వైపు వాలుగా ఉంటుంది. పోయేటప్పుడు ఒక కాలు కింద పడితే వచ్చేటప్పుడు ఇంకోటి పడాలి కాబట్టి సగం దూరం పోయి అదే దారిన వెనక్కి రండి. బూట్లలోకి ఇసుక పోయి పొక్కులు లేస్తాయి, సాక్సు మార్చుకోండి.

## స్పీడు పెంచే దశ

ఇంటర్వెల్స్ ఎప్పుడు మొదలుపెట్టాలి? ఎలా?

ఇంటర్వెల్స్ అంటే మధ్యలో విశ్రాంతి ఇస్తూ చిన్న దూరాలు వేగంగా పదేపదే కొట్టడం. ఆపకుండా 40 నిమిషాలు తేలిగ్గా పరుగెత్తగలిగాక మొదలుపెట్టండి. వారానికి ఒకటే రోజు. మొదట 200 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోదాని మధ్య 200 మీటర్లు నడక, జాగింగ్. వేగం మీ ఇప్పటి 1500 వేగమే, అంతకన్నా వద్దు. 1500ని 6 నిమిషాల్లో కొట్టేవాళ్లకి 200 మీటర్లకు 48 సెకన్లు పడుతుంది. ఇంత తేలికా అనిపిస్తుంది. అనిపించాలి కూడా. రెండు మూడు వారాలు పోయాక ఎనిమిదికి పెంచి, తర్వాత 400 మీటర్లు నాలుగైదుసార్లు, మధ్యలో రెండున్నర నిమిషాల విశ్రాంతి.

సరిగ్గా చేశారా లేదా చెప్పేది చివరి రిపిటిషన్. మొదటిది ఎంతలో కొట్టారో చివరిదీ దాదాపు అంతలో రావాలి. మొదటి 400 ని 78లో కొట్టి నాలుగోది 90లో ఈడ్చుకొచ్చారంటే ఆ రోజు మీరు చేసింది ట్రైనింగ్ కాదు. ప్రతి రిపిటిషన్ టైం నోటుబుక్‌లో రాసుకోండి. ఇంకొక్కటి చేయగలను అనిపించినప్పుడే ఆపి ఇంటికి వెళ్లండి.

800 పరుగుకీ 1500 పరుగుకీ ట్రైనింగ్ వేరా?

మొదటి ఏడాది ఒకటే. తర్వాత 800 వాళ్లకి స్ప్రింట్ పని పెరుగుతుంది: 150, 200, 300 మీటర్లు గట్టిగా, మధ్యలో ఎక్కువ విశ్రాంతితో. 1500 వాళ్లకి మైలేజీ (వారం మొత్తం పరుగెత్తే దూరం), 20 నిమిషాల టెంపో పరుగులు పెరుగుతాయి. టెంపో అంటే మూడు నాలుగు మాటలకి మించి మాట్లాడలేని, అయినా పట్టు తప్పని వేగం. రెండూ పరుగెత్తి చూశాక, 400 బాగా వచ్చేవాళ్లు 800 వైపు, ఆదివారం పరుగు ఇష్టపడేవాళ్లు 1500 వైపు వాళ్లంతట వాళ్లే తేలతారు.

మా వైపు కొండలు లేవు. హిల్ రన్నింగ్ ఎట్లా?

చెరువు కట్ట ఎక్కే వాలు చాలు. 15, 20 సెకన్లు పైకి గట్టిగా, కిందికి నడక, ఆరునుంచి ఎనిమిదిసార్లు. మోకాలు పైకి లేపండి, చేతులు ఆడించండి, తల ఎత్తి ఉంచండి. స్పైక్స్ లేకుండా, బరువులు ఎత్తకుండా కాళ్లకి బలం తెచ్చే పని ఇది. ఉదయగిరి, గిద్దలూరు వైపు ఉన్నవాళ్లకి నిజం కొండలే ఉన్నాయి. కిందికి దిగేటప్పుడు మాత్రం పరుగు వద్దు.

జిమ్‌కి వెళ్లాలా?

మొదటి ఏడాది అక్కర్లేదు. వారానికి రెండుసార్లు స్క్వాట్స్, లంజెస్, మెట్టు మీద నిలబడి మడమలు లేపి దించడం, ప్లాంక్, పుషప్స్. ఇరవై నిమిషాల పని.

## ఎండ, తిండి, నొప్పులు

ఏప్రిల్, మే నెలల్లో ట్రైనింగ్ ఆపేయాలా?

ఆపక్కర్లేదు, టైం మార్చండి. పొద్దున ఆరున్నరకల్లా అయిపోవాలి. వడగాలి కొట్టే రోజుల్లో సాయంత్రం ఏడు దాటినా గ్రౌండ్ నేల సెగలు కక్కుతుంది. కొత్త వేడికి ఒళ్లు అలవాటుపడటానికి రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలు స్పీడు పని పెట్టుకోవద్దు. నెల్లూరు, కొత్తపట్నం వంటి తీరప్రాంతంలో ఉక్కపోత వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మార్కాపురం, కనిగిరి వైపు పొడి వేడిలో చెమట కనపడకుండానే ఆరిపోతుంది, ఎంత నీరు పోయిందో తెలియదు. రెండుచోట్లా ప్రమాదం ఉంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్లు చాలడం లేదని అర్థం. పరుగు తర్వాత ఉప్పు వేసిన మజ్జిగకి మించింది లేదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి.

తోటివాడు ఎండలో తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకి తీసుకెళ్లి ఒంటి మీద ధారాళంగా చల్లటి నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివాడికి నోట్లో నీళ్లు పోయొద్దు.

వానాకాలంలో గ్రౌండ్ అంతా బురద. అప్పుడెలా?

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో ఇంట్లోనే వ్యాయామం చేసుకోండి. మిగతా రోజుల్లో సిమెంటు వీధి రోడ్డు మీద తేలిక పరుగు పెట్టుకుని, స్పీడు పని గ్రౌండ్ ఆరేదాకా వాయిదా వేయండి. బురదలో జారి తొడ పట్టేస్తే నెల పోతుంది.

పొద్దున్నే ఏం తిని పరుగెత్తాలి? తర్వాత ఏం తినాలి?

తేలిక పరుగుకి ముందు ఒక అరటిపండు, కాసిని నీళ్లు చాలు. స్పీడు పని రోజు గంటన్నర ముందు రాగిజావ తాగండి. పరుగు అయిన గంటలోపు కడుపునిండా తినాలి: ఇడ్లీ, రెండు ఉడకబెట్టిన గుడ్లు, లేదా పెసరట్టు, లేదా చద్దన్నంలో పెరుగు, పక్కన వేరుశెనగ ఉండ. మధ్యాహ్నం అన్నమో రాగిసంకటో, పప్పు గట్టిగా. ఒంటి బరువు కిలోకి రోజుకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రోటీన్ రన్నర్‌కి సరిపోతుంది. గుడ్డుకి ఆరు గ్రాములు వస్తాయి, మిగతాది పప్పులు, పాలు, చేపలు, వేరుశెనగలతో ఖరీదు లేకుండానే నిండుతుంది. నెల్లూరువాళ్లకి చేపలకు కొదవేముంది.

గ్రౌండ్‌లో ఒకాయన పౌడర్, ఇంజెక్షన్ ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా?

తీసుకోవద్దు. లేబుల్ లేని పౌడర్లో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) పరీక్షలో దొరికితే తెలియక తీసుకున్నానంటే వినరు, ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ చేయించుకుని పరుగెత్తితే ఎముకలో చీలిక పూర్తిగా విరిగేదాకా తెలియదు. ఈ మాట పిల్లలకన్నా తల్లిదండ్రులు గట్టిగా పట్టుకోవాలి.

పిక్క ముందు ఎముక నొప్పి పుడుతోంది. పరుగెత్తొచ్చా?

ఎముక లోపలి అంచున బెత్తెడు పొడవునా నొప్పి ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంటే అది షిన్ స్ప్లింట్స్. పరుగు సగానికి తగ్గించండి, రోడ్డు మాని మట్టి మీదికి మారండి, పరుగయ్యాక ఐస్ పెట్టండి, మడమలు లేపి దించే వ్యాయామం చేయండి. ఒకే వేలితో నొక్కితే సరిగ్గా ఒక్కచోటే ప్రాణం పోయేంత నొప్పి ఉన్నా, రాత్రి పడుకున్నప్పుడు సలుపుతున్నా, ఒంటికాలి మీద గెంతలేకపోయినా స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నటి చీలిక) కావచ్చు. ఆ రోజే పరుగు ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. మొదట్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగెత్తొద్దు.

పీరియడ్స్ సమయంలో పరుగెత్తొచ్చా?

పరుగెత్తొచ్చు. కడుపునొప్పి, నీరసం ఎక్కువున్న రోజు తేలికగా పోండి లేదా మానేయండి, అది మీ ఒంటిని బట్టి. ట్రైనింగ్ పెరిగాక మూడు నెలలు వరసగా పీరియడ్స్ రాకపోతే మాత్రం మంచి సూచన కాదు. చాలినంత తినడం లేదని ఒళ్లు చెబుతోంది, ఎముకలు బలహీనపడతాయి, డాక్టరుకి చూపించాలి. ఆడపిల్లలకి రక్తహీనత ఎక్కువ. కారణం లేకుండా టైం పడిపోతుంటే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష చేయించండి. భోజనంతో టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టదు. ఆకుకూరల మీద నిమ్మకాయ పిండుకుంటే, భోజనం తర్వాత జామపండు తింటే బాగా పడుతుంది. అమ్మాయికి ఈ విషయం కోచ్‌తో చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటే అమ్మో అక్కో చెప్పాలి.

## మొదటి పోటీ

పోటీలకి ఎలా వెళ్లాలి? ఎవరిని అడగాలి?

బడిలో ఉంటే పీడీ సార్‌ని, మేడమ్‌ని అడగండి. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 విభాగాలు ఉంటాయి, మండలం నుంచి జిల్లాకి, అక్కడి నుంచి రాష్ట్రానికి ఎంపికలు. బడి దాటినవాళ్లు జిల్లా అథ్లెటిక్స్ సంఘం ఎంపికలకి వెళ్లాలి, జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసులో అడిగితే వివరాలు దొరుకుతాయి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, ఫోటోలు ముందే సిద్ధం చేసుకోండి. సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో తేదీలు, పేర్ల అక్షరాలు ఒకటే ఉండాలి. దీనివల్లే గేటు దగ్గర ఆగిపోయిన పిల్లలు ఉన్నారు.

800లో లేన్ ఎప్పుడు మారాలి? రూల్స్ ఏంటి?

లేన్లలో మొదలైతే మొదటి మలుపు పూర్తయ్యేదాకా మీ లేన్‌లోనే ఉండాలి. మలుపు తర్వాత ట్రాక్‌కి అడ్డంగా బ్రేక్ లైన్ ఉంటుంది, అది దాటాకే లోపలికి. దాటగానే అడ్డంగా దూకొద్దు, తిన్నటి దారి పొడవునా ఏటవాలుగా మెల్లగా చేరండి, దూరం కలిసొస్తుంది. స్టార్ట్‌లో 'ఆన్ యువర్ మార్క్స్' తర్వాత నేరుగా తుపాకీ పేలుతుంది, 'సెట్' అనరు. నిలబడే మొదలుపెట్టాలి, చేయి నేలకి ఆనకూడదు. పేలకముందే కదిలితే మొదటిసారికే బయటికి పంపుతారు. చివరి ల్యాపుకి గంట కొడతారు. మలుపులో లోపలి గీత తొక్కొద్దు.

800 మొదటి ల్యాపు ఎంత స్పీడుగా పోవాలి?

రెండో ల్యాపు కన్నా రెండు మూడు సెకన్లు వేగంగా, అంతే. 2:20 కొట్టాలంటే 69, 71. కెన్యా రన్నర్ డేవిడ్ రుడిషా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 1:40.91 ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు మొదటి ల్యాపు 49.28, రెండోది 51.63. లోకంలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన మనిషికే రెండో ల్యాపు రెండు సెకన్లకు పైగా పెరిగింది. మొదటి ల్యాపు ఆరేడు సెకన్లు ముందే కొట్టేసిన కొత్తవాళ్లు ఆఖరి 150 మీటర్లలో నిలబడిపోవడంలో ఆశ్చర్యం లేదు. జనం కేకలు వేసే మొదటి 200 దగ్గరే మనసు అదుపు తప్పుతుంది. అక్కడి టైం ముందే అనుకుని ఉండండి.

ఈ సందర్భంలో మన దేశపు రన్నర్ శ్రీరామ్ సింగ్ పేరు ప్రతి 800 రన్నర్‌కీ తెలియాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్లో మొదటి ల్యాపు ముందుండి నడిపించి, 1:45.77తో ఏడో స్థానంలో వచ్చారు. ఆ టైం 42 ఏళ్లు జాతీయ రికార్డుగా నిలిచింది. 2018లో జిన్సన్ జాన్సన్ 1:45.65తో దాన్ని దాటారు.

1500లో, 1600లో మూడో ల్యాపులో చచ్చిపోతున్నాను. ఎందుకు?

మొదటి ల్యాపు ఎక్కువైపోయి ఉంటుంది. సమానంగా పరుగెత్తడం నేర్చుకోండి. 1500ని 5 నిమిషాల్లో కొట్టాలంటే ఫినిష్ లైన్ దాటేటప్పుడు 1:00, 2:20, 3:40, 5:00 వినపడాలి, ఎందుకంటే 1500 మొదలయ్యేది ఎదుటి తిన్నటి దారి మొదట్లో, మొదటిసారి లైన్‌కి వచ్చేసరికి 300 మీటర్లే అవుతుంది. 1600ని 8 నిమిషాల్లో అంటే ల్యాపుకి 2 నిమిషాలు, 7 నిమిషాల్లో అంటే 1:45, అయిదున్నరలో అంటే 82న్నర సెకన్లు. మూడో ల్యాపులో ఎవరికైనా కష్టమే. అప్పుడు ముందున్నవాడి వీపు మీద చూపు నిలిపి, అంతరం పెరగకుండా చూసుకోండి. చేతులు ఆడించడం ఆపొద్దు.

ముందురోజు రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టదు. టైం పాడవుతుందా?

ఒక్క రాత్రి నిద్ర తక్కువైతే పెద్దగా ఏమీ కాదు, అంతకుముందు రెండు మూడు రాత్రులు బాగా పడుకుంటే చాలు. కొత్త బూట్లు, కొత్త తిండి ఆ రోజు వద్దు. బయటి ఊరికి వెళ్తే నీళ్లు, అరటిపళ్లు, ఇంటి నుంచి తెచ్చిన టిఫిన్ దగ్గరుంచుకోండి. పరుగు పిలిచే టైం ఒక్కోసారి గంటలు ఆలస్యమవుతుంది, ఎండలో నిలబడకుండా నీడలో కూర్చోండి. కాల్ రూమ్‌కి (పరుగుకి ముందు పోటీదారుల హాజరు చూసే చోటికి) పిలిచే అరగంట ముందు వార్మప్ మొదలుపెట్టండి.

ఆరు నెలలైంది. టైం తగ్గడం ఆగిపోయింది. ఏం తప్పు చేస్తున్నాను?

ముందు నోటుబుక్ తెరవండి. తేలిక పరుగులన్నీ నెమ్మదిగా స్పీడు పెరిగి మధ్యస్తంగా తయారయ్యాయేమో చూడండి, ఎక్కువమందికి అక్కడే దొరుకుతుంది. తర్వాత నిద్ర: రాత్రి పదకొండు దాకా ఫోన్ చూసి నాలుగున్నరకి గ్రౌండ్‌కి వస్తే ఒళ్లు కోలుకోదు. తర్వాత తిండి, తర్వాత రక్తపరీక్ష. పొద్దున లేచీ లేవగానే నాడి చూసుకోండి. మామూలు కన్నా నిమిషానికి ఏడెనిమిది కొట్లు ఎక్కువగా మూడు రోజులు వరసగా ఉంటే వారం రోజులు సగం పరుగే చేయండి.

ఇవన్నీ బాగుండి కూడా ఆగితే, ఇంటర్వెల్స్ పెంచే ముందు ఆదివారం పరుగుకి పది నిమిషాలు కలిపి ఆరు వారాలు చూడండి. వీలైతే మీకన్నా కాస్త బాగా పరుగెత్తే ఒకరిని వెతుక్కుని స్పీడు పని వాళ్లతో చేయండి. తేలిక పరుగు మాత్రం మీ ఊపిరితోనే చేయండి, వాళ్లు ముందుకి పోతే పోనివ్వండి.